నీటికీ నిప్పుకూ నడుమ – డాక్టర్ కె.ఎల్. రావు

పాఠ్యాంశ నేపథ్యం

ఏ దేశానికైనా ఇంధనం ప్రాణాధారం. అయితే ఇంధనాన్ని ఏ రూపంలో పొందినా ప్రకృతికి ఎంతో కొంత మూల్యం చెల్లించక తప్పదు. ఆ మూల్యాన్ని ఎవరు, ఎంత, ఎంతకాలం చెల్లించాలన్నది నేడు ప్రపంచ దేశాలన్నింటినీ వేధిస్తున్న ప్రశ్న. స్వతంత్ర భారతదేశంలో ఈ ప్రశ్నను దశాబ్దకాలం భుజాన మోసిన తెలుగు ఇంజనీరు డాక్టర్ కానూరి లక్ష్మణరావు. ఆయన జీవితాన్నీ, కృషినీ, ఆ కృషి మిగిల్చిన ప్రశ్నలనూ తెలుసుకోవడం ఈ పాఠ్యాంశం ఉద్దేశం.

1

హైదరాబాదు నుండి ముంబయి వెళ్ళే జాతీయ రహదారిపై, కర్ణాటక సరిహద్దుకు చేరువలో జహీరాబాద్ పట్టణం ఉంది. ఒకప్పుడు మెదక్ జిల్లాలోనూ, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలోనూ ఉన్న ఈ ప్రాంతంలో ఎర్రనేలలు ఎక్కువ. చెరకు, అల్లం, ఆలుగడ్డ, పత్తి, కంది, జొన్న ఇక్కడి రైతులు పండించే పంటలు. మంజీరా నది సమీపంలోనే ప్రవహిస్తున్నా, ఇక్కడి పొలాలు చాలావరకు వాననీటిపైనా, బోరుబావులపైనా ఆధారపడినవే. తెల్లవారకముందే లేచి, పొలానికి వెళ్ళి, బోరు మోటారు మీట నొక్కిన రైతుకు నీరు కనిపిస్తుంది. కాని ఆ నీటిని పైకి తెచ్చిన శక్తి ఎక్కడి నుండి వచ్చిందో కనిపించదు.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఐదు అశ్వశక్తుల మోటారు ఆరు గంటలు నడిస్తే సుమారు ఇరవై రెండు యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది. మన దేశపు బొగ్గుతో ఒక యూనిట్ విద్యుత్తును తయారుచేయడానికి దాదాపు ముప్పావు కిలో బొగ్గు కావాలి. అంటే ఆ ఆరు గంటల నీటి వెనుక ఎక్కడో పదిహేను కిలోలకు పైగా బొగ్గు కాలిందన్నమాట. మన బొగ్గులో బూడిద పాలు ఎక్కువ కనుక, అందులో సుమారు మూడవ వంతు బూడిదగా మిగిలిపోతుంది. అదే విద్యుత్తు ఆనకట్ట నుండి వచ్చినదైతే పొగ లేదు, బూడిద లేదు. కాని ఆ జలాశయం అడుగున ఎవరివో ఇళ్ళు, పొలాలు, గుడులు మునిగి ఉంటాయి.

జహీరాబాద్ రైతు పొలంలోని మోటారు చప్పుడులో ఈ రెండు కథలూ కలిసి ఉన్నాయి. ఒకటి నీటి కథ, రెండవది నిప్పు కథ. ఈ రెండింటినీ ఒకే శాఖలో ఉంచి, ఒకే చేతితో నడిపించిన వ్యక్తి డాక్టర్ కె.ఎల్. రావు.

2

లక్ష్మణరావు 1902 జులై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో ఒక మధ్యతరగతి కుటుంబంలో జన్మించారు. ఆయనకు తొమ్మిదేళ్ళ వయసులోనే తండ్రి మరణించారు. బడిలో ఆడుకొంటుండగా తగిలిన దెబ్బ వల్ల ఒక కంటి చూపు పోయింది. తండ్రి అండ లేని బాలునికి ఇది గొడ్డలిపెట్టు వంటిది. అయినా ఆయన చదువు ఆగలేదు. ఉన్న ఒక్క కంటితోనే ఆయన తరువాతి కాలంలో దేశపు నదులన్నింటి పటాలనూ పరిశీలించారు.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తిచేసి, గిండీ ఇంజనీరింగు కళాశాలలో పట్టం పొందారు. మద్రాసు విశ్వవిద్యాలయం నుండి ఇంజనీరింగులో స్నాతకోత్తర పట్టం అందుకొన్న మొదటి విద్యార్థి ఆయనే. బర్మాలోని రంగూన్‌లో ఆచార్యులుగా పనిచేశారు. అనంతరం ఇంగ్లండు వెళ్ళి బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి, 1939లో డాక్టరేటు సాధించారు. ఇనుప చువ్వలతో బలపరిచిన కాంక్రీటు నిర్మాణాలపై ఆయన వ్రాసిన గ్రంథం ఇంజనీర్ల మన్నన పొందింది.

ఆయన చదువుకొన్న బర్మింగ్‌హాం సామాన్యమైన ఊరు కాదు. పారిశ్రామిక విప్లవానికి అది పుట్టినిళ్ళలో ఒకటి. బొగ్గు పొగతో, ఇనుప కొలుముల మసితో ఆ చుట్టుపట్ల ప్రాంతానికి నల్లసీమ అనే పేరే స్థిరపడింది. బ్రిటన్ సంపదకు బొగ్గే మూలం. ఆ బొగ్గే 1952 డిసెంబరులో లండన్ నగరాన్ని విషపు పొగమంచుతో ముంచి వేలమందిని పొట్టన పెట్టుకొంది. ఆ తరువాతనే, 1956లో, ఆ దేశం గాలి శుభ్రత కొరకు చట్టం చేసింది. ముందు సంపద, ఆ తరువాత శుభ్రత అన్నది నాటి ప్రపంచం నడిచిన బాట. అప్పుడే స్వాతంత్ర్యం పొందిన భారతదేశం ముందు కూడా ఆ బాటయే ఉన్నది.

3

స్వదేశానికి తిరిగివచ్చిన లక్ష్మణరావు మద్రాసు ప్రభుత్వంలో రూపకల్పన ఇంజనీరుగా చేరారు. గోదావరిపై పోలవరం వద్ద తలపెట్టిన రామపాదసాగర్ ప్రణాళికకు పనిచేశారు. వ్యయభారం వల్ల ఆ ప్రణాళిక నాడు కార్యరూపం దాల్చలేదు. 1950లో ఆయన ఢిల్లీకి వెళ్ళి కేంద్రంలో రూపకల్పన విభాగపు సంచాలకులయ్యారు. 1954లో ప్రధాన ఇంజనీరయ్యారు. ఆ తరువాత కేంద్ర జల, విద్యుత్ సంఘంలో సభ్యులయ్యారు. భాక్రా, హీరాకుడ్, చంబల్, తుంగభద్ర, కోసీ, నాగార్జునసాగర్ వంటి గొప్ప నిర్మాణాల కాలమది.

ఆనాటి దేశస్థితిని ఒకసారి తలచుకోవాలి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి భారతదేశమంతటా ఉన్న విద్యుదుత్పాదన సామర్థ్యం సుమారు 1,360 మెగావాట్లు మాత్రమే. పల్లెల్లో దీపం అంటే కిరోసిన్ దీపమే. పొయ్యిలోకి కట్టె, పిడక. కపిలి మోటతో నీరు తోడే రైతుకు ఎడ్లే యంత్రాలు. కరవు వస్తే విదేశాల నుండి ధాన్యం నౌకల్లో రావాలి. అటువంటి దేశంలో నది కేవలం నీటి ప్రవాహంగా గాక, అన్నంగా, వెలుగుగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

నాగార్జునసాగర్ నిర్మాణానికి 1955 డిసెంబరు 10న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. కృష్ణానదిపై 124 మీటర్ల ఎత్తున ఆనకట్ట కట్టాలి. కాంక్రీటుతో కట్టాలంటే సిమెంటు, ఉక్కు, విదేశీ యంత్రాలు పెద్దయెత్తున కావాలి. వాటికి విదేశీ మారకద్రవ్యం కావాలి. అది దేశం వద్ద లేదు. దేశం వద్ద ఉన్నవి రాయి, పని కోరే చేతులు. అందుచేత దానిని రాతికట్టడంగా నిర్మించాలని నిర్ణయించారు. ఈ నిర్ణయానికి అండగా నిలిచి, రూపకల్పనను ముందుకు నడిపించినవారిలో లక్ష్మణరావు ముఖ్యులు. వేలాది కార్మికులు తట్టలతో రాయి, సున్నం, సిమెంటు మోసి, ఆ కాలానికి ప్రపంచంలోనే అతి పెద్ద రాతి ఆనకట్టను నిలబెట్టారు. పనిలో ప్రాణాలు కోల్పోయినవారూ ఉన్నారు. 1967 ఆగస్టు 4న ప్రధాని ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. 1978 నుండి అక్కడ విద్యుదుత్పాదన ఆరంభమై, క్రమంగా ప్రధాన కేంద్రం సామర్థ్యం 816 మెగావాట్లకు చేరింది.

అయితే ఆ నీటి అడుగున ఒక చరిత్ర ఉంది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, నాగార్జునకొండ బౌద్ధారామాలు ఆ లోయలోనివే. 1954 నుండి 1960 వరకు పురావస్తు శాఖవారు కాలంతో పందెం వేసి తవ్వకాలు జరిపారు. ముఖ్యమైన కట్టడాలను కొండపైకీ, అనుపు వద్దకూ తరలించి తిరిగి నిలిపారు. రాళ్ళను తరలించినంత శ్రద్ధగా మనుషులను తరలించామా అన్నది మాత్రం నేటికీ వినిపించే ప్రశ్నయే. అక్కడి గ్రామాల రైతులు, చెంచులు, లంబాడీలు ఊళ్ళు విడిచి వెళ్ళారు. వెలుగు వచ్చినవారు వేరు, చీకటిని భరించినవారు వేరు.

4

ఇంజనీరుగా తాను గీసిన పటాలు అమలు కావాలంటే పాలనాధికారం కూడా తోడు కావాలని ఆయన గ్రహించారు. 1962లో విజయవాడ నియోజకవర్గం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1967లోనూ, 1971లోనూ అక్కడి ప్రజలు ఆయననే ఎన్నుకొన్నారు. 1963లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ పురస్కారంతో సత్కరించింది. అదే సంవత్సరం జులైలో ఆయన కేంద్ర ప్రభుత్వంలో నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖ బాధ్యతలు చేపట్టి 1973 వరకు నిర్వహించారు. నెహ్రూ, లాల్‌బహదూర్ శాస్త్రి, ఇందిరాగాంధీ ముగ్గురు ప్రధానుల వద్దనూ పనిచేశారు. తన ఆత్మకథకు ఆయన నీటి ప్రవాహపు కొలమానమైన క్యూసెక్కును కలిపి పేరు పెట్టుకొన్నారు. రాజకీయాలలోకి వచ్చినా తాను ఇంజనీరుననే మరువలేదనడానికి అదొక గుర్తు.

ఆ పది సంవత్సరాలు దేశ ఇంధన చరిత్రలో కీలకమైనవి. 1961లో సుమారు 4,650 మెగావాట్లుగా ఉన్న సామర్థ్యం 1974 నాటికి 16,600 మెగావాట్లు దాటింది. 1966 నాటికి దేశంలో జలవిద్యుత్తు, బొగ్గు విద్యుత్తు దాదాపు సమానంగా ఉండేవి. త్రాసులోని రెండు సిబ్బెల వలె నీరు ఒకవైపు, నిప్పు ఒకవైపు నిలిచాయి. ఏ సిబ్బె బరువు పెంచాలన్నది ఆయన ముందున్న సమస్య.

జలవిద్యుత్తుకు ఇంధనం కొననక్కరలేదు. పొగ లేదు. ఒకసారి కట్టిన కేంద్రం తరతరాలు పనిచేస్తుంది. అవసరమైన క్షణంలో నడపవచ్చు, అక్కరలేనప్పుడు ఆపవచ్చు. కాని వాన కురవకపోతే జలాశయం ఎండుతుంది. 1965 నుండి 1967 వరకు వరుస కరవులు, మళ్ళీ 1972లో వచ్చిన కరవు ఈ సత్యాన్ని కఠినంగా బోధించాయి. జలాశయాలు అడుగంటినప్పుడు కర్మాగారాలు ఆగాయి, పల్లెల్లో దీపాలు ఆరాయి.

బొగ్గు వాన కొరకు ఎదురుచూడదు. మన దేశంలో అది విస్తారంగా ఉంది. తెలుగునేలపై ఇల్లందు వద్ద 1889 నుండే గనులు నడుస్తున్నాయి. సింగరేణి బొగ్గు ఆధారంగా 1966లో కొత్తగూడెం ఉష్ణవిద్యుత్ కేంద్రం, 1971లో రామగుండంలో 62.5 మెగావాట్ల కేంద్రం పని ప్రారంభించాయి. బొగ్గును రైళ్ళలో దూరం మోయడం కంటె గని వద్దనే విద్యుత్తును తయారుచేసి తీగల ద్వారా పంపడం మేలన్న విధానం ఇందులో ఉంది. కాని గని ఉన్న ఊరికి దీనివల్ల కలిగిన ఫలితం వేరు. విద్యుత్తు తీగల మీద దూరం వెళ్ళిపోయింది. పొగ, బూడిద, కుంగిన నేల, దుమ్ము నిండిన ఊపిరితిత్తులు ఊరికి మిగిలాయి.

5

ఈ రెండింటి నడుమ సమతూకం సాధించడానికి ఆ కాలంలో మూడు మార్గాలు రూపొందాయి. మొదటిది, రాష్ట్రాల విద్యుత్ వ్యవస్థలను కలపడం. 1964 నుండి దేశాన్ని ప్రాంతాలుగా విభజించి ప్రాంతీయ విద్యుత్ మండలులను ఏర్పరచారు. వానలు కురిసినచోట నీటితో, కురవనిచోట బొగ్గుతో తయారైన విద్యుత్తును పరస్పరం ఇచ్చిపుచ్చుకోవచ్చునన్నది దీని సారాంశం. నాడు నాటిన ఆ బీజం 2013 డిసెంబరు 31న దక్షిణ ప్రాంతం కూడా కలియడంతో దేశమంతటికీ ఒకే విద్యుత్ వలయంగా పెరిగింది.

రెండవది, పల్లెలకు విద్యుత్తు చేర్చడం. కరవుల తరువాత ప్రభుత్వం వ్యవసాయ పంపుసెట్లకు ప్రాధాన్యమిచ్చింది. బి. వెంకటప్పయ్య అధ్యక్షతన ఏర్పడిన గ్రామీణ పరపతి సమీక్షా సంఘం సిఫారసుపై 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ వెలిసింది. మోట పోయి మోటారు వచ్చింది. కాలువలు రాని జహీరాబాద్ వంటి మెట్ట ప్రాంతాలకు భూగర్భజలం అందివచ్చింది. ధాన్యం కొరకు చేయి చాచిన దేశం తన అన్నం తాను పండించుకొన్నది. ఇది చిన్న విజయం కాదు. కాని మోటారు బలం పెరిగినకొద్దీ నీటిమట్టం క్రిందికి దిగింది. మట్టం దిగినకొద్దీ మరింత బలమైన మోటారు కావలసివచ్చింది. నీటి కొరకు విద్యుత్తు, విద్యుత్తు కొరకు బొగ్గు అనే గొలుసు పల్లెను చుట్టుకొంది.

మూడవది, అణుశక్తి. అది వేరొక శాఖ ఆధీనంలోనిది. 1969లో మహారాష్ట్రలోని తారాపూర్‌లో దేశపు మొదటి అణువిద్యుత్ కేంద్రం పనిచేయసాగింది. దానికి పొగ లేదు. కాని వ్యర్థాలను తరతరాలు కాపాడవలసిన భారం ఉంది.

నీటిని మేలైన ఇంధనంగా నమ్మిన రావుగారి కాలంలోనే, నీరు కూడా నిరపాయం కాదని రుజువైంది. 1967 డిసెంబరు 11న మహారాష్ట్రలోని కోయ్నా ఆనకట్ట పరిసరాలలో తీవ్రమైన భూకంపం వచ్చింది. సుమారు 180 మంది మరణించారు. ఆనకట్టకు బీటలు వారాయి. జలాశయంలో నిలిచిన నీటి ప్రభావం ఆ భూకంపానికి కారణమై ఉండవచ్చునని శాస్త్రవేత్తలు భావించారు. ఆ తరువాత ఆనకట్టను పటిష్ఠపరచారు. నాటి నుండి పెద్ద జలాశయాలు కట్టేచోట భూకంప పరిశీలన తప్పనిసరి అన్న స్పృహ పెరిగింది.

కృష్ణానదిపైనే మరొక ఉదాహరణ ఉంది. 1963 జులైలో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలం ప్రాజెక్టును మొదట ప్రధానంగా విద్యుత్తు కొరకే తలపెట్టారు. నల్లమల నడుమ కట్టిన ఆ ఆనకట్ట వల్ల కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో సుమారు నూరు గ్రామాలు మునిగాయి. 1981లో ఆ ఊళ్ళను ఖాళీ చేయించిన తీరు నిర్వాసితుల మనస్సులలో మానని గాయంగా నిలిచింది. శ్రీశైలం నేడు రెండు రాష్ట్రాలకూ వెలుగునిస్తున్నది. ఆ వెలుగు విలువను గ్రహించినవారు ఆ గాయాన్ని మరువరాదు.

6

రావుగారి పేరు చెప్పగానే దేశానికి గుర్తుకువచ్చేది గంగా–కావేరి అనుసంధానం. 1972లో ఆయన ఈ ప్రణాళికను ముందుంచారు. పాట్నా సమీపంలో గంగ వరదనీటిని మళ్ళించి, 2,640 కిలోమీటర్ల పొడవైన మార్గంలో దక్షిణాదికి తీసుకురావాలన్నది దాని రూపం. ఒకచోట వరద, ఒకచోట కరవు ఉన్న దేశంలో ఆ కల ఎందరినో ఆకర్షించింది. దీనివల్ల అదనంగా 40 లక్షల హెక్టార్లకు నీరందుతుందని, 12,500 కోట్ల రూపాయలు ఖర్చవుతుందని ఆయన అంచనా వేశారు.

అయితే నీరు పల్లానికే పారుతుంది. గంగ నీరు దక్కను పీఠభూమికి ఎక్కాలంటే దానిని 549 మీటర్ల ఎత్తుకు తోడాలి. అందుకు 5,000 నుండి 7,000 మెగావాట్ల విద్యుత్తు కావలసివస్తుంది. 1974లో దేశం మొత్తం సామర్థ్యం 16,600 మెగావాట్ల పైచిలుకు మాత్రమేనని ముందు చెప్పుకొన్నాం. అంటే దేశపు విద్యుత్తులో ఇంచుమించు మూడవ వంతు ఈ ఒక్క పనికే కావాలి. కేంద్ర జలసంఘం ఈ ప్రణాళికను పరిశీలించి, వ్యయం అంచనాకు మించినదనీ, దేశం భరించలేనిదనీ తేల్చింది. ప్రణాళిక ఆగిపోయింది.

ఈ ఘట్టంలో ఒక గొప్ప పాఠం ఉంది. నీటి కొరత తీర్చడానికి ఇంధనం కావాలి. ఇంధనం తయారుచేయడానికి బొగ్గైనా, మరొక ఆనకట్టైనా కావాలి. ఒక మేలు వెంట ఒక మూల్యం నీడ వలె నడుస్తుంది. నదీజలాలు సముద్రంలో కలియడం వృథా అన్న భావన ఆ తరంవారిలో బలంగా ఉండేది. నది సముద్రాన్ని చేరడం కూడా చేపలకు, మడ అడవులకు, డెల్టా భూములకు అవసరమని తరువాతి పరిశోధనలు చెప్పాయి. రావుగారి స్వప్నాన్ని గౌరవిస్తూనే ఈ కొత్త జ్ఞానాన్ని మనం స్వీకరించాలి.

7

1973 చివరలో ఆయన మంత్రిపదవిని విడిచేనాటికి ప్రపంచాన్ని చమురు సంక్షోభం కుదిపివేసింది. పశ్చిమాసియా యుద్ధం తరువాత కొద్ది నెలలలోనే ముడిచమురు ధర దాదాపు నాలుగు రెట్లయింది. ఇంధనం కొరకు పరాయి దేశాలపై ఆధారపడడం ఎంతటి ప్రమాదమో అన్ని దేశాలకూ తెలిసివచ్చింది. ఒక్కొక్క దేశం ఒక్కొక్క దారి పట్టింది. ఫ్రాన్సు 1974 నుండి అణువిద్యుత్తును ముమ్మరం చేసింది. నార్వే తన జలపాతాలను నమ్ముకొంది. భారతదేశం తన గనులలోని బొగ్గువైపు మొగ్గింది. కోకింగు బొగ్గు గనులను 1972లోనూ, మిగిలిన బొగ్గు గనులను 1973లోనూ దేశం జాతీయం చేసుకొంది. త్రాసులో నిప్పు సిబ్బె క్రిందికి దిగింది. అది నేటికీ పైకి లేవలేదు. దేశంలో తయారయ్యే విద్యుత్తులో ఎక్కువ భాగం ఇప్పటికీ బొగ్గు నుండే వస్తున్నది.

పదవి విడిచిన తరువాత రావుగారు దేశపు జలసంపదను వివరిస్తూ గ్రంథం వెలువరించారు. ఆత్మకథ వ్రాశారు. 1986 మే 18న కన్నుమూశారు. ఆయన మరణించడానికి మూడు వారాల ముందు, ఏప్రిల్ 26న, సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్ అణుకేంద్రం పేలిపోయింది. ఆయన మరణించిన ఐదు రోజులకు, మే 23న, మన పర్యావరణ పరిరక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. ఒక యుగం ముగిసి మరొక యుగం మొదలైందనడానికి ఇంతకంటె వేరే సాక్ష్యం అక్కరలేదు. రావుగారి తరం విద్యుత్తు ఎంత అని అడిగింది. ఆ తరువాతి తరం ఎవరి నష్టంతో అని కూడా అడగసాగింది.

కృష్ణానదిపై పులిచింతల వద్ద నిర్మించిన ప్రాజెక్టుకు ఆయన పేరు పెట్టి తెలుగువారు తమ కృతజ్ఞత చాటుకొన్నారు. ఆయన కాలంలో వెలిసిన కొత్తగూడెం పాత కేంద్రం వయసు తీరి మూతపడగా, 2024 ఆగస్టులో దాని ఎనిమిది శీతలీకరణ గోపురాలను కూల్చివేశారు. రామగుండంలోని 62.5 మెగావాట్ల కేంద్రం కూడా అదే సంవత్సరం మూతపడింది. ఆయన విద్య నేర్చిన బ్రిటన్‌లో చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం 2024 సెప్టెంబరు 30న ఆగిపోయింది. జర్మనీ 2023 ఏప్రిల్‌లో చివరి అణుకేంద్రాలను మూసివేసింది. ఏ దేశానికీ ఒకే మందు పనిచేయదని ఇవన్నీ తెలుపుతున్నాయి.

8

మళ్ళీ జహీరాబాద్‌కు వద్దాం. మంజీరాపై సింగూరు వద్ద కట్టిన జలాశయం 30 శతకోటి ఘనపుటడుగుల నీటిని నిలుపుతుంది. అక్కడ 15 మెగావాట్ల విద్యుత్ కేంద్రం కూడా ఉంది. కాని జహీరాబాద్ పొలాలు ఆ నీటికంటె ఎత్తున ఉన్నాయి. సింగూరు నీటిని ఈ ప్రాంతాలకు తోడిపోయడానికి ఉద్దేశించిన సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతల పథకాలకు 2022 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది. గంగా–కావేరి విషయంలో ఎదురైన ప్రశ్నయే ఇక్కడ చిన్నరూపంలో నిలిచింది. నీరు కావాలి, నిజమే. దానిని ఎత్తే శక్తి ఎక్కడి నుండి రావాలి?

దీనికి ఇదే నేలపై మరొక సమాధానం కూడా ఉంది. జహీరాబాద్ చుట్టుపట్ల పల్లెల్లో పేద మహిళా రైతులు సంఘాలుగా ఏర్పడి, జొన్న, కొర్ర, సామ, సజ్జ వంటి పాత పంటల విత్తనాలను కాపాడుతున్నారు. ఆ విత్తనాలను ఎడ్లబండ్లలో ఊరూరా ఊరేగిస్తూ జాతర జరుపుతున్నారు. వాననీటితోనే పండే ఆ పంటలకు మోటారు అక్కరలేదు. మోటారు అక్కరలేనిచోట బొగ్గు కాలదు, ఊరు మునగదు. ఖర్చు కాని యూనిట్‌కు మించిన శుభ్రమైన యూనిట్ లేదు. అయితే చెరకు, అల్లం పండించి పిల్లలను చదివించుకోవాలనుకొనే రైతు ఆశ కూడా న్యాయమైనదే. అతనిని చీకటిలో ఉంచి పర్యావరణాన్ని కాపాడామనుకోవడం ధర్మం కాదు. ఎండ మెండుగా కాసే ఈ నేలపై సౌరవిద్యుత్తుకు అవకాశం ఉంది. అయినా సూర్యుడు అస్తమించిన తరువాత దీపం వెలగాలంటే మళ్ళీ నీటినో, నిప్పునో, విద్యుత్తును దాచుకొనే సాధనాన్నో ఆశ్రయించవలసిందే.

డాక్టర్ కె.ఎల్. రావు ఒంటికంటితో దేశాన్ని చూసి, దాని చీకటిని గుర్తించారు. ఆ చీకటిని తొలగించడానికి తన విద్యనంతటినీ వినియోగించారు. ఆయన వెలిగించిన దీపం క్రింద కొంత నీడ కూడా పడింది. దీపాన్ని ఆర్పకుండా నీడను తగ్గించడం ఆయన తరువాతి తరాల కర్తవ్యం. ఆ తరాలలో మనమూ ఉన్నాం.

కఠిన పదాలు – అర్థాలు

స్నాతకోత్తర పట్టం = ఉన్నత పట్టం, పట్టభద్రత తరువాత పొందేది
సిబ్బె = త్రాసు పళ్ళెం
నిర్వాసితులు = నివాసం కోల్పోయినవారు
కపిలి మోట = ఎడ్లతో బావి నుండి నీరు తోడే సాధనం
పరపతి = అప్పు, రుణసహాయం
మూల్యం = వెల, ఖరీదు
మెట్ట = కాలువ నీరు లేని భూమి

ప్రశ్నలు

అ. క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. జలవిద్యుత్తు, బొగ్గు విద్యుత్తుల గుణదోషాలను డాక్టర్ కె.ఎల్. రావు కృషి ఆధారంగా వివరించండి.
2. గంగా–కావేరి అనుసంధాన ప్రణాళిక ఎందుకు ఆగిపోయింది? దాని వల్ల గ్రహించవలసిన పాఠమేమి?

ఆ. క్రింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు వ్రాయండి.
1. నాగార్జునసాగర్‌ను రాతికట్టడంగా నిర్మించడానికి కారణాలేమి?
2. ప్రాంతీయ విద్యుత్ మండలుల ప్రయోజనం ఏమిటి?
3. జహీరాబాద్ ప్రాంతపు మహిళా రైతుల కృషికీ, ఇంధన పొదుపుకూ గల సంబంధం ఏమిటి?
4. మీ ఇంటిలో ఒక నెలలో ఎన్ని యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతున్నదో చూసి, దాని వెనుక ఎంత బొగ్గు కాలి ఉండవచ్చునో లెక్కించండి.